కొత్త మామిడి పానీయానికి గిరాకీ ఉంటుందో లేదో ఆన్‌లైన్ అంచనాల వేదికతో తెలుసుకోవచ్చా?

తాండ్ర_చిత్తూరు

అందరికీ నమస్కారం. చిత్తూరు పొలిమేరలో మా కుటుంబం నడుపుతున్న చిన్న యూనిట్లో తోతాపురి గుజ్జుతో రసం, తాండ్ర తయారుచేసి, చిత్తూరు, తిరుపతి, శ్రీకాళహస్తి దుకాణాలకు వేస్తున్నాము. 2025 సీజన్‌లో తోతాపురి ధర పడిపోవడంతో, ఫ్యాక్టరీలు ఇచ్చే 8 రూపాయలకు ప్రభుత్వం 4 రూపాయలు కలిపి రైతుకు కిలోకు 12 రూపాయలు అందేలా ఏర్పాటు చేయవలసి వచ్చిన సంగతి ఇక్కడివారికి తెలిసిందే. కాయ చవకైనంత మాత్రాన మా సరుకేమీ ఎక్కువ అమ్ముడుపోలేదు. అందుకని ఈసారి కొత్త సరుకు దించాలని మా వారూ నేనూ అనుకున్నాము. పచ్చిమామిడి షర్బత్తు, చక్కెర కలపని బేనీషా (బంగినపల్లి) రసం, అల్లం కలిపిన తోతాపురి రసం, ఒక్కొక్కటిగా చుట్టిన తాండ్ర ముక్కలు అనే నాలుగు ఆలోచనలు ఉన్నాయి గాని, రెండింటికి మించి పెట్టుబడి పెట్టే స్తోమత మాకు లేదు.

సర్వే చేయించవచ్చు కదా అని మీరు అనవచ్చు. నిరుడు అల్లం రసానికి ఆ పని చేశాము. తిరుపతి బస్టాండు దగ్గర బల్ల వేసుకుని, రెండు రోజులపాటు వచ్చేపోయేవారికి చిన్న కప్పుల్లో పోసి ఇచ్చి, కొంటారా అని అడిగి రాసుకున్నాము. దాదాపు అందరూ "చాలా బాగుందమ్మా, తప్పకుండా కొంటాము" అన్నారు. అదే రసాన్ని ఆ బస్టాండు ఎదుటి దుకాణంలోనే పెడితే, మూడు వారాలకు రెండు కేసులు కూడా కదలలేదు. ఉచితంగా కప్పు చేతికిచ్చిన మనిషి ముఖం మీద బాగాలేదని ఎవరు చెబుతారు?

ఇటీవల ఒక సంస్థ ప్రతినిధి వచ్చి, సర్వేకు బదులు ఆన్‌లైన్‌లో అంచనాల వేదిక నడుపుతామని చెప్పారు. ప్రతి సరుకునూ ఒక షేరులాగా పెట్టి, పాల్గొనేవారికి తలా కొన్ని పాయింట్లు ఇస్తారట; ఏ సరుకు జనానికి నచ్చుతుందని తోస్తే దాని షేరును వారు కొంటారట; షేరు ధర అందరికీ కనబడుతూ ఉంటుందట; వారం తరువాత ఏ షేరు ధర ఎక్కువగా ఉంటే ఆ సరుకును మేము తయారుచేయాలట. దీనికి మూడున్నర లక్షలు అడుగుతున్నారు. నా సందేహాలు రెండు. మా సరుకును ఎన్నడూ రుచి చూడనివారు పాయింట్లతో ఆడే ఆట నుంచి గిరాకీ ఎలా తెలుస్తుంది? మాలాంటి చిన్నవారికి అంత సొమ్ము పెట్టదగిన విషయం ఇందులో ఉందా? అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరు.

---

మధ్యగతం

నేను తిరుపతిలో గణాంకశాస్త్రం బోధిస్తుంటాను. మీ మొదటి సందేహానికి మీ ప్రశ్నలోనే సగం జవాబు ఉంది. "మీరు కొంటారా" అని అడిగితే మనిషి మర్యాద కోసం జవాబు చెబుతాడు. "మీ వీధిలో పదిమందిలో ఎంతమంది కొంటారు" అని అడిగితే, మొహమాటం పక్కన పెట్టి తాను చూసినదంతా తలచుకుని చెబుతాడు. మొదటి ప్రశ్న వల్ల మీకు ఒక్క మనిషి సంగతే తెలుస్తుంది. రెండవ దాని వల్ల ఆ మనిషి ఎరిగిన పదిమంది సంగతి తెలుస్తుంది. అమెరికా ఎన్నికల సర్వేలను పరిశీలించిన రోత్‌స్చైల్డ్, వుల్ఫర్స్ అనే ఆర్థికవేత్తలు కూడా, మీ ఓటు ఎవరికి అన్న ప్రశ్న కంటే ఎవరు గెలుస్తారనుకుంటున్నారు అన్న ప్రశ్నే ఫలితానికి దగ్గరగా వస్తోందని తేల్చారు. అంచనాల వేదికలన్నిటికీ పునాది ఇదే. షేర్లు, పాయింట్లు దానిమీద కట్టిన మేడ.

ఈ ఆలోచనకు మూలంగా చెప్పుకునే సంఘటన 1906లో ఇంగ్లండులోని ప్లిమత్ పశు ప్రదర్శనలో జరిగింది. ఒక ఎద్దును కోసి శుభ్రం చేశాక ఎంత తూగుతుందో ఊహించమని పోటీ పెట్టగా, ఆరు పెన్నీల చీటీ కొని దాదాపు 800 మంది రాశారు. ఆ చీటీలను ఫ్రాన్సిస్ గాల్టన్ అనే శాస్త్రవేత్త తెప్పించుకుని, చదవగలిగిన 787 అంచనాలను వరసలో పెట్టి చూస్తే, నడిమి అంచనా 1,207 పౌండ్లు వచ్చింది. అసలు తూకం 1,198 పౌండ్లు. నూటికి ఒక వంతు తేడా కూడా లేదు. ఇందులో జనం గమనించని చిన్న విషయం ఆ ఆరు పెన్నీలు. రుసుము ఉండడం వల్ల తమాషాకు రాసేవారు తగ్గారని గాల్టనే అభిప్రాయపడ్డాడు.

వ్యాపార సంస్థల్లోనూ ఇది కొత్తది కాదు. 1990ల చివర హ్యూలెట్ ప్యాకర్డ్ సంస్థ, అమెరికాలోని కాల్‌టెక్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు చార్లెస్ ప్లాట్, తమ ఉద్యోగి కే-యుట్ చెన్‌ల సాయంతో ప్రింటర్ల అమ్మకాల మీద, ఉద్యోగులు తమ అంచనాలను షేర్లలాగా కొని అమ్మే చిన్న మార్కెట్లు లోపలే నడిపింది. పాల్గొన్నవారు ఒక్కో మార్కెట్‌కు ముప్పైమందికి మించలేదు. సంస్థ అధికారికంగా వేసుకున్న అంచనాతో పోల్చడానికి వీలైన ఎనిమిది సందర్భాలలో ఆరింటిలో ఆ కొద్దిమంది మార్కెట్టే నిజానికి దగ్గరగా వచ్చింది. కనుక వేలమంది ఉండాలన్న నియమం ఏమీ లేదు. హాలీవుడ్ స్టాక్ ఎక్స్ఛేంజ్ అనే వేదిక 1996 నుంచి ఉత్తుత్తి డబ్బుతోనే సినిమాల వసూళ్ళను అంచనా వేయిస్తోంది. అసలు డబ్బు పెడితేనే మనుషులు ఆలోచించి చెబుతారా అన్న అనుమానాన్ని కూడా పరీక్షించారు. 2003 నాటి అమెరికన్ ఫుట్‌బాల్ సీజన్‌లో నిజమైన డబ్బుతో నడిచిన వేదికనూ, పాయింట్లతో నడిచిన వేదికనూ 208 ఆటల మీద పోల్చి చూస్తే, కచ్చితత్వంలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు.

ఇక మీకు చూపించిన పద్ధతిలో నాకు కనబడుతున్న లోపం గురించి చెబుతాను, దయచేసి దీనిని కాస్త నిదానంగా చదవండి. ప్రింటర్ల మార్కెట్‌లో నెలాఖరుకు అమ్మకాల లెక్క వస్తుంది, తప్పు చెప్పినవాడు నష్టపోతాడు. సినిమాకు వసూళ్ళ లెక్క వస్తుంది. ఇంకా తయారే కాని రసానికి ఏ లెక్క వస్తుంది? వారం తరువాత ఏ షేరు ధర ఎక్కువగా ఉంటే అదే గెలిచినట్లని వారు అంటున్నారు. అంటే పాల్గొనేవాడు మీ గిరాకీని ఊహించనక్కరలేదు, తక్కినవారు ఏ షేరు కొంటారో ఊహిస్తే చాలు. పత్రికలో వేసిన ముఖాలలో అందమైనదాన్ని కాకుండా, అందరూ అందమైనదని అనుకునేదాన్ని ఎంచుకునే పోటీతో 1936లో ఆర్థికవేత్త కీన్స్ షేర్ మార్కెట్‌ను పోల్చినది ఇందుకే. ఇలాంటి సరుకు షేర్ల పద్ధతిని ఎలీ డహాన్, ఆండ్రూ లో మొదలైన పరిశోధకులు సైకిల్ పంపులు, లాప్‌టాప్ సంచులు, కార్ల మీద ప్రయోగించి 2011లో ప్రచురించారు. పద్ధతి పూర్తిగా పనికిరానిదని నేను అనను, వారి ప్రయోగాలలో ఫలితాలు నిలకడగానే వచ్చాయి. అయితే అది జనం ఇష్టాయిష్టాలు ఎటు మొగ్గుతున్నాయో చెబుతుందే తప్ప, తిరుపతి బస్టాండు ఎదుట ఎన్ని సీసాలు పోతాయో చెప్పదు. మూడున్నర లక్షలు ఇచ్చే ముందు ఆ ప్రతినిధిని ఒక్క మాట అడగండి: "ఎవరి అంచనా సరైనదో చివరికి ఏ లెక్క చూసి తేలుస్తారు?" దానికి సూటిగా జవాబు రాకపోతే బేరం అక్కడితో ముగించవచ్చు.

---

పాత_మండీ

చిత్తూరు బెల్లం మండీలో నలభై ఏళ్ళు గుమాస్తాగా పనిచేసినవాణ్ణి. షేర్ల సంగతి నాకు తెలియదు. పై అయ్యవారు రాసినది చదివాక ఒక విషయం మాత్రం చెప్పాలనిపించింది అమ్మా.

మా చిన్నతనంలో పశువుల సంతలో బేరం తుండుగుడ్డ కింద జరిగేది. కొనేవాడూ అమ్మేవాడూ గుడ్డ కింద చేతులు కలిపి, వేళ్ళు పట్టుకుని ధర చెప్పుకునేవారు. చుట్టూ ఇరవైమంది నిలబడి ఉన్నా ఆ ధర ఎవరికీ తెలిసేది కాదు. కాబట్టి తరువాత వచ్చినవాడు కూడా ఎద్దు పళ్ళు చూసి, నడిపించి చూసి, తన అంచనా తాను వేసుకోక తప్పేది కాదు. బహిరంగ వేలంలోనైతే పెద్ద వ్యాపారి నోరు తెరిచి ఒక ధర పలికాడంటే, ఆ తరువాత పదిమంది దాని చుట్టూనే తిరుగుతారు. ఆ పెద్దమనిషి సరుకు సరిగ్గా చూశాడో లేదో ఎవరూ అడగరు. నేను కళ్ళారా చూసినదే, పైన మంచి దిమ్మలు పేర్చి అడుగున నీరుకారిన బెల్లం పెట్టిన బండికి కూడా ఒక పెద్ద షాపు పాట వల్ల మంచి ధర పలికింది.

మీ కంప్యూటర్ వేదికలో ధర అందరికీ కనబడుతూ ఉంటుందంటున్నారు. అయితే అది వేలం లాంటిదే, గుడ్డ కింద బేరం కాదు.

---

మధ్యగతం

పెద్దాయన చెప్పినది అక్షరాలా నిజమండి. 2011లో జ్యూరిచ్‌లో 144 మంది విద్యార్థులతో జరిపిన ప్రయోగంలో, ఇతరుల అంచనాలను చూపించిన తరువాత అంచనాలన్నీ ఒకదానికొకటి దగ్గరయ్యాయి గాని, నిజానికి మాత్రం దగ్గర కాలేదు. పైపెచ్చు, వారికి తమ జవాబు మీద నమ్మకం పెరిగింది. గూగుల్ 2005లో తన ఉద్యోగుల కోసం మొదలుపెట్టిన అంచనాల మార్కెట్‌ను పరిశీలించినప్పుడు కూడా, పక్కపక్క బల్లల దగ్గర కూర్చునేవారు ఒకే రకంగా కొనుగోళ్ళు చేస్తున్నట్లూ, తమ సంస్థకు అంతా మంచే జరుగుతుందన్న ధీమా ధరల్లోకి చేరుతున్నట్లూ బయటపడింది. మార్కెట్ పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. గట్టిగా తెలిసినవాడు ఎక్కువ పాయింట్లు పెట్టి ధరను సరిదిద్దగలడు, ఆ ఎద్దు పోటీలో లాగా ఎవరికివారు విడిగా అంకె రాసి ఇచ్చే చీటీల పద్ధతిలో ఆ వీలు ఉండదు. పాల్గొనేవారు పాతికమందే అయినప్పుడు మాత్రం నేను చీటీలనే ఎంచుకుంటాను.

---

సర్వే_సంచి

మార్కెట్ సర్వే పనిలో పదకొండేళ్ళుగా తిరుపతిలో తిరుగుతున్నాను. ఇలాంటి వేదిక ఒకదానికి నేను క్షేత్రస్థాయి పని చేసిపెట్టాను. పేరు చెప్పను, జరిగినది చెబుతాను.

ఒక తినుబండారాల తయారీదారు కోసం ఆరు కొత్త సరుకుల మీద మార్కెట్ పెట్టారు. పాల్గొనేవారిని నేను సమకూర్చాలి, తలకు ఇంత అని నాకు ముట్టేది. ప్రశ్నలన్నీ ఇంగ్లీషులోనే ఉన్నాయి. దుకాణదారుల చేత చేయిద్దామని ఫోన్ వారి చేతికిస్తే, రెండు పేజీలు చూసి, "మా వాడు కాలేజీ నుంచి వచ్చాక చేస్తాడు లెండి" అని తిరిగి ఇచ్చేవారు. చివరికి నా లెక్క నిండింది గాని, నిండినది కాలేజీ పిల్లలతో. వారు ఒక వాట్సాప్ గుంపు పెట్టుకుని, ఏ షేరు ఎక్కుతోందో స్క్రీన్‌షాట్లు పంచుకున్నారు. మొదటి పది స్థానాల్లో నిలిచినవారికి బహుమతులు ఉన్నాయి కనుక, అందరూ కలిసి ఒకే షేరును పైకి లేపారు. ఆ షేరు గెలిచింది, ఆ సరుకు తయారైంది, దుకాణాల్లో దుమ్ము పట్టింది. నా వంతు తప్పు నేను ఒప్పుకుంటున్నాను. ఎవరిని కూర్చోబెట్టానో నివేదికలో రాయలేదు, వారూ అడగలేదు.

మీ విషయంలో ఎవరిని అడగాలో నాకు తోచినది చెబుతాను. తిరుమలలో ప్లాస్టిక్ నీళ్ళ సీసాలు నిషేధించి గాజు సీసాలు తెచ్చారు కదా. మీ షర్బత్తును ప్లాస్టిక్ సీసాలో దించితే, అలిపిరి దారిలో దుకాణం పెట్టుకున్నవాడు దాని రుచి చూడక ముందే సీసాను తిప్పి చూసి పెదవి విరుస్తాడు. గాజు సీసా అయితే, తమిళనాడు, కర్ణాటకలకు తిరిగి వెళ్ళే యాత్రికుడు సంచిలో పెట్టుకోవడానికి జంకుతాడని బస్టాండు దగ్గర దుకాణదారు చెబుతాడు. బెంగళూరులోనో హైదరాబాదులోనో కూర్చుని షేర్లు కొనే వెయ్యిమందికి ఈ రెండూ తట్టవు. వేదిక ఎవరిదైనా సరే, ఇలాంటివారు కనీసం సగం ఉండాలి. తక్కిన సగంలో మీ సరుకు వేసే ఆటో డ్రైవరు, డిస్ట్రిబ్యూటరు, ఐస్‌క్రీమ్ బండివాడు, హాస్టల్ వార్డెన్ లాంటివారు, అంటే ఒకరినొకరు ఎరగనివారు ఉంటే మేలు.

---

తాండ్ర_చిత్తూరు

అందరికీ కృతజ్ఞతలు. ఆ ప్రతినిధిని మధ్యగతం గారు చెప్పిన ప్రశ్నే అడిగితే, "మార్కెట్ ధరే తీర్పు మేడమ్" అన్నారు. వద్దని చెప్పేశాము. మేమే చీటీలతో ప్రయత్నించాలనుకుంటున్నాము. అయితే మా బావగారు, తలా యాభై రూపాయలు వేయించి, దగ్గరగా చెప్పినవారికి మొత్తం ఇచ్చేద్దాము, ఆ ఆరు పెన్నీల లాగా జనం బుద్ధిగా రాస్తారు, ఫోన్‌లోనే పెట్టేద్దాము అంటున్నారు. ఇది చట్టానికి సమ్మతమేనా?

---

మధ్యగతం

ఆ పని చేయకండి. మన రాష్ట్రంలో 1974 నాటి గేమింగ్ చట్టాన్ని 2020లో సవరించి, ఆన్‌లైన్ పందేలను అప్పుడే నిషేధించారు. ఆ తరువాత కేంద్రం 2025 ఆగస్టులో తెచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం, డబ్బు కట్టించుకుని డబ్బు గెలిచే ఆశ చూపే ఆన్‌లైన్ ఆటలను, అవి నైపుణ్యంతో ఆడేవైనా అదృష్టం మీద నడిచేవైనా, నిషేధించింది. నడిపేవారికి మూడేళ్ళ వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా పడవచ్చు. అమెరికాలో పాలీమార్కెట్, కల్షీ లాంటి అంచనాల వేదికలు డబ్బుతో నడుస్తున్నాయని చూసి మనమూ నడపవచ్చుననుకోవడం పొరపాటు. ఎవరి దగ్గరా ఏమీ తీసుకోకుండా, రాసిన ప్రతివారికీ శ్రమకు ఒక తాండ్ర పాకెట్ ఇచ్చి, బాగా చెప్పినవారికి మీ సొంత ఖర్చుతో ఒక చిన్న కానుక ఇవ్వడం వేరే విషయం. అయినా ఒకసారి మీకు తెలిసిన వకీలుకు చూపించుకోండి.

చీటీ ఎలా ఉండాలంటే, అయిదు దుకాణాలు, పదిహేను రోజులు, ఫలానా ధర, ఎన్ని సీసాలు అమ్ముడుపోతాయో ఒక అంకె. అంతే. ముందుగా కొద్ది సరుకు తయారుచేసి నిజంగానే ఆ దుకాణాల్లో పెట్టండి, అప్పుడు తీర్పు చెప్పడానికి లెక్క ఉంటుంది. సగటు తీయకండి, అంకెలను వరసలో పెట్టి నడిమిది తీసుకోండి. ఒకరు సరదాకు అయిదు వేలని రాస్తే సగటు చెడిపోతుంది, నడిమి అంకె చెక్కుచెదరదు. ఎవరి చీటీ ఎవరూ చూడకూడదని వేరే చెప్పనక్కరలేదు, పెద్దాయన గుడ్డ గుర్తుంచుకోండి.

---

తాండ్ర_చిత్తూరు

రెండు నెలల తరువాత రాస్తున్నాను. షర్బత్తు, చక్కెర కలపని రసం, ఈ రెండింటినీ కొద్దిగా తయారుచేసి తిరుపతిలో అయిదు దుకాణాల్లో పెట్టాము. ముప్పైనాలుగు మంది చీటీలు రాశారు. మా ఆటో డ్రైవరు చీటీని నాలుగు మడతలు పెట్టి, పైన పిన్ను కూడా కొట్టి ఇచ్చాడు. మా బావగారు నిజంగానే అయిదు వేలు రాశారు.

షర్బత్తుకు నడిమి అంకె 340, అమ్ముడుపోయినవి 371. ఇంతవరకు సంతోషమే. చక్కెర లేని రసానికి నడిమి అంకె 260 అయితే, పోయినవి 97 మాత్రమే. చీటీలను మళ్ళీ ముందేసుకుని విడదీసి చూస్తే, ఎనిమిదిమంది దుకాణదారుల చీటీలలో నడిమి అంకె 120. తక్కిన ఇరవైఆరు మందీ చిత్తూరులో మాకు తెలిసినవారు, ఇంట్లో ఎవరో ఒకరికి షుగర్ ఉన్నవారు, సర్వే_సంచి గారు చెప్పినట్లు సగంమంది దుకాణదారులను తేలేకపోయాము. యాత్రకు వచ్చిన మనిషి, చక్కెర వేయని రసానికి పది రూపాయలు ఎక్కువ ఎందుకు పెట్టాలని అడుగుతున్నాడని ఒక దుకాణదారు ఇప్పుడు చెబుతున్నాడు. అడిగి ఉంటే ముందే చెప్పేవాడినని కూడా అన్నాడు.

ఇప్పుడొక చిక్కు వచ్చింది. అయిదు దుకాణాల్లో ఒకదాని ఫ్రిజ్ నాలుగు రోజులు పనిచేయలేదు. ఆ నాలుగు రోజులూ షర్బత్తు గోరువెచ్చగానే ఉండి, అక్కడ ఒక్క సీసా కూడా పోలేదు. మేము చీటీలో దీని గురించి ఏమీ రాసుకోలేదు. ఆ దుకాణాన్ని లెక్కలో ఉంచితే కానుక ఐస్‌క్రీమ్ బండి ఆయనకు వెళుతుంది, తీసేసి నాలుగు దుకాణాలకు సరిచేస్తే మా డ్రైవరుకు వెళుతుంది. ఏది న్యాయం?

---

మధ్యగతం

ముందుగా రాసుకోని నియమాన్ని ఫలితం చూశాక తీసుకురాకూడదండి. చీటీలో అయిదు దుకాణాలని ఉంది, అయిదింటి లెక్కే తీర్పు. ఫ్రిజ్‌లు పాడవడం కూడా తిరుపతి వ్యాపారంలో భాగమే కదా, వేసవిలో కరెంటు సంగతి తెలిసిన దుకాణదారు తన అంకెలో దానిని కూడా కలుపుకునే రాసి ఉంటాడు. తరువాతి చీటీలో మాత్రం ఒక వాక్యం చేర్చండి: సరుకు మూడు రోజులకు మించి అమ్మకానికి లేని దుకాణాన్ని లెక్కలోంచి తీసేస్తామని.

---

తాండ్ర_చిత్తూరు

అలాగేనండి. కానుక బండి ఆయనకే ఇచ్చాము. డ్రైవరు ఏమీ అనలేదు గాని, మరునాడు సరుకు వేయడానికి వెళ్ళినప్పుడు ఆ దుకాణంలో ఫ్రిజ్ తలుపు తెరిచి, చెయ్యి లోపల పెట్టి చూసి మరీ సీసాలు దించాడట. వచ్చే వారం తాండ్ర ముక్కలకు చీటీలు వేయబోతున్నాము, ఈసారి ఇరవైమంది దుకాణదారులను ఒప్పించాము.